బిళ్ల మాకు, హెచ్చరిక మీకా?

షుగరు బిళ్లలు మింగుతున్న అన్నలారా, అక్కలారా, ముందుగా ఒక మాట. ఇది చదివి గానీ, ఎవరైనా చదువుతుంటే విని గానీ, ఎవరూ బిళ్ల మానొద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే ఒకసారి మేమే మాన్పించాం. దాని ఫలితం మా వాడలో ఒంటికాలి మీద తిరుగుతోంది.

2013 జూన్ ఆఖరు సంగతి. పేపర్లో ఒక వార్త వచ్చింది. పయోగ్లిటజోన్ అనే షుగరు మందును కేంద్ర ప్రభుత్వం నిలిపేసింది, దానివల్ల మూత్రాశయానికి క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందంట అని. ఆదివారం అంబేద్కర్ బొమ్మ దగ్గర మీటింగు. మాలో ఒకరు ఆ వార్త చదివి, మైకు పట్టుకుని, "మన పేదోళ్లకి క్యాన్సర్ బిళ్లలు అమ్ముతున్నార్రా" అని ఊగిపోయారు. చప్పట్లు మోగాయి. మేమూ కొట్టాం.

మర్నాడు పొద్దున మిరప కోతల మేస్త్రి ఒక అక్క తన ఇంట్లో ఉన్న షుగరు బిళ్లలన్నీ తీసి కాలవలో వేసింది. ఆమె వాడేవి రెండు రకాలు. ఆ రెండిట్లో పయోగ్లిటజోన్ ఉందో లేదో ఆమెకు తెలియదు. షాపువాడు షీటు మధ్యకి కత్తిరించి ఇచ్చాడు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయింది. మమ్మల్ని అడిగినా మాకూ తెలిసేది కాదు. ఎనిమిది నెలలకి కాలి వేలి మీద పుండు లేచింది. అది నల్లబడింది. సర్కారు ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు. ఆసుపత్రిలో ఆమె పాత చీటీ వెతికి తెచ్చి చూపిస్తే తేలిందేందంటే, ఆమె వాడిన రెండిట్లోనూ ఆ మందు లేనే లేదు.

ఆ అక్క మమ్మల్ని తిట్టలేదు. "చదువుకున్న పిల్లలు చెప్పారు గదా, నిజమే అనుకున్నా" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఇంకో సిగ్గుమాలిన సంగతి. ఆ నిషేధం 43 రోజులే నిలబడింది. జూన్ 18న నిలిపేసిన మందును జులై 31న మళ్లీ అమ్ముకోనిచ్చారు. ఆ వార్తను మేం మైకులో చదవలేదు. చూడలేదు కూడా.

అందుకని ఈసారి సగం మాట చెప్పం. మొత్తం చెబుతాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అసలు ఆ మందేంది? షుగరు జబ్బులో ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట వినదు. వినేట్టు చేసేది పయోగ్లిటజోన్. జపాన్‌కి చెందిన టకేడా కంపెనీ కనిపెట్టింది, 1999లో అమెరికాలో యాక్టోస్ అనే పేరుతో అమ్మకానికి దిగింది. మన దేశంలో దీన్ని చాలా కంపెనీలు తయారు చేస్తాయి, రకరకాల పేర్లతో, చాలా చవకగా. విడిగానూ దొరుకుతుంది, మెట్‌ఫార్మిన్‌తో, గ్లిమెపిరైడ్‌తో కలిపి ఒకే బిళ్లగానూ దొరుకుతుంది. మూడు మందులు ఒక బిళ్లలో. మింగేవాడికి అది "షుగరు బిళ్ల", అంతే. పని చేస్తుంది, షుగరు దిగుతుంది. దానితోపాటు కొందరికి కాళ్లకి నీరు పడుతుంది, గుండె బలహీనంగా ఉన్నోళ్లకి ఆయాసం ముదురుతుంది, ఆడోళ్లకి ఎముకలు విరిగే ప్రమాదం పెరుగుతుంది. నాట్లేసి వచ్చిన ఆడమనిషి కాళ్లు వాస్తే బురదలో నిలబడింది గదా అనుకుంటారు. బిళ్ల మీద అనుమానం ఎవరికి వస్తుంది?

ఇక క్యాన్సర్ మాట. 2011 జూన్‌లో ఫ్రాన్స్ ఈ మందు వాడకం ఆపేసింది. జర్మనీ కొత్తగా ఎవరికీ రాయొద్దని చెప్పింది. అదే నెల అమెరికా మందుల శాఖ, ఏడాదికి మించి వాడితే మూత్రాశయ క్యాన్సర్ ప్రమాదం పెరగొచ్చని మందు కాగితం మీద రాయించింది. అక్కడి రోగులు కోర్టులకి వెళ్లారు. 2014 ఏప్రిల్‌లో లూసియానాలో జ్యూరీ, కంపెనీ ఈ ప్రమాదాన్ని దాచిందని తేల్చి, టకేడా మీద 600 కోట్ల డాలర్లు, దానితో కలిసి అమ్మిన ఎలై లిల్లీ మీద 300 కోట్ల డాలర్లు జరిమానా వేసింది. తర్వాత జడ్జి దాన్ని బాగా కోసేసి నాలుగు కోట్ల డాలర్ల లోపుకు తెచ్చాడనుకోండి. అయినా 2015లో అక్కడి వేల కేసులన్నిటినీ తెంచుకోవడానికి టకేడా సుమారు 240 కోట్ల డాలర్లు ఇస్తామని ఒప్పుకుంది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. తప్పు లేనివాడు అంత డబ్బు ఎందుకిస్తాడో మా వాడలో చిన్నపిల్లోడిని అడిగినా చెబుతాడు.

కానీ ఇక్కడే ఆగితే మళ్లీ 2013 మీటింగే అవుతుంది. ప్రమాదం ఎంత? బ్రిటన్‌లో లక్షా నలభై వేలకు పైగా షుగరు రోగుల రికార్డులు చూసి 2016లో ఒక లెక్క బయటపెట్టారు. వేరే షుగరు మందులు వాడేవాళ్లు లక్ష మంది ఉంటే ఏడాదిలో 89 మందికి ఈ క్యాన్సర్ వచ్చింది. పయోగ్లిటజోన్ వాడినోళ్లు లక్ష మంది ఉంటే 121 మందికి వచ్చింది. అంటే పదివేల మంది ఏడాది పొడుగునా మింగితే అదనంగా ముగ్గురు. ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదు వాడినోళ్లలో ఇంకా పెరిగింది. దానికి ముందు ఏడాది, 2015లో, అమెరికాలో పదేళ్లు చూసిన పెద్ద అధ్యయనంలో మాత్రం ప్రమాదం ఖాయంగా పెరిగిందని తేలలేదు, లేదనీ తేలలేదు. ఆ తర్వాత 2016 డిసెంబరులో అమెరికా మందుల శాఖ అన్నీ తిరగేసి, ప్రమాదం పెరగొచ్చు అనే హెచ్చరికను అట్లాగే ఉంచింది.

కాబట్టి ఇది తాగిన వెంటనే చంపే ఎండ్రిన్ కాదు. మింగిన ప్రతివాడికీ క్యాన్సర్ రాదు. నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా రాదు. అయితే ఆ అదనపు ముగ్గురు ఎవరు అన్నదే మా ప్రశ్న. దానికి జవాబు గవర్నమెంటే రాసి పెట్టింది.

2013 జులై 31న నిషేధం ఎత్తేసేటప్పుడు కేంద్రం కొన్ని షరతులు పెట్టింది. షుగరు రాగానే మొదటి మందుగా దీన్ని రాయకూడదు. మూత్రాశయ క్యాన్సర్ ఉన్నోళ్లకి, ఇంతకుముందు వచ్చి పోయినోళ్లకి, ఉచ్చలో నెత్తురు పడుతూ ఎందుకో తేలనోళ్లకి అసలే ఇవ్వకూడదు. మొదలుపెట్టే ముందు రోగి వయసు చూడాలి. పొగ తాగుతాడా, ఒకప్పుడు తాగేవాడా అడగాలి. పని చేసే చోట రసాయనాలు తగిలాయా అడగాలి. ఇంతకుముందు కొన్ని రకాల క్యాన్సర్ మందులు వాడారా, పొత్తికడుపుకి కరెంటు పెట్టించుకున్నారా అడగాలి. మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ పిలిచి చూడాలి, గుణం లేకపోతే ఆపాలి. ముసలోళ్లకి అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి.

మంచి షరతులే. ఒక్కసారి వాటిని మన వాడ మీద పెట్టి చూడండి.

పొగ. బీడీ, చుట్ట తాగని మగోడు మన పాత తరంలో ఎంతమంది? ఉత్తరాంధ్రలో ఆడోళ్లు కూడా అడ్డచుట్ట కాలుస్తారు. మూత్రాశయ క్యాన్సర్‌కి అన్నిటికంటే పెద్ద కారణం పొగాకే. రసాయనాలు. 1895లోనే జర్మనీలో రేన్ అనే సర్జన్, రంగుల ఫ్యాక్టరీ కూలీలకి మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయని డాక్టర్ల సభలో చెప్పాడు. బెంజిడిన్ జాతి రంగులు ఈ క్యాన్సర్ తెస్తాయని తర్వాత రుజువైంది. ఆ జాతి రంగులు గుడ్డకీ వేశారు, తోలుకీ వేశారు. తోలు ముట్టుకుంది ఎవరు? కరెంటు. గర్భసంచి మూతికి క్యాన్సర్ వచ్చి పెద్దాసుపత్రిలో కరెంటు పెట్టించుకొచ్చిన ఆడోళ్లు మన వాడల్లో లేరా? ఆ కరెంటు పడేది పొత్తికడుపు మీదే. ఆమెకు తర్వాత షుగరు వస్తే, బిళ్ల రాసేముందు ఆ సంగతి అడగాలి గదా?

ఆ కాగితం మీద రాసిన గుర్తులన్నీ చూస్తే మన వాడ మనిషినే ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుంది. కానీ ఆ కాగితం మన వాడకి రాలేదు.

ఎందుకు రాలేదంటే, అది మనకోసం రాసింది కాదు. ఆ ఎర్ర అక్షరాల హెచ్చరికను మందు పెట్టెలో పెట్టే కాగితం మీద, కంపెనీ ప్రచారం చేసుకునే పుస్తకాల మీద వేయమన్నారు. దాని తలమీద ఏముందో తెలుసా? వైద్య వృత్తిలో ఉన్నవాళ్లకి సలహా అని ఉంది. మింగేవాడికి సలహా కాదు. భాష ఇంగ్లీషు. అక్షరం చీమ తలంత. ఆ కాగితం పెట్టెలో ఉంటుంది, పెట్టె షాపులో ఉంటుంది. మనం కొనేది పెట్టె కాదు, షీటు కూడా కాదు. కూలి డబ్బులకి ఐదు బిళ్లలు, ఆరు బిళ్లలు. కత్తెరతో కత్తిరించి పాత పేపర్లో చుట్టి ఇస్తాడు. పేరు ఒక ముక్క మీద, తయారైన తేదీ ఇంకో ముక్క మీద. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది, అది వేరే సంగతి. బిళ్ల చేతులు మారి మారి వాడ దాకా వచ్చింది. హెచ్చరిక మాత్రం పొలిమేర దగ్గరే ఆగిపోయింది.

మా వాడలో ఒక చిన్నాయన ఉన్నాడు. చెప్పులు కుడతాడు. వయసులో ఉండగా తమిళనాడు పోయి తోలు ఫ్యాక్టరీలో రంగు తొట్ల దగ్గర తొమ్మిదేళ్లు పని చేసొచ్చాడు. బీడీ రోజుకి రెండు కట్టలు. షుగరు వచ్చి పన్నెండేళ్లు. టౌన్లో ఒక డాక్టరు ఎప్పుడో రాసిన మూడు మందుల బిళ్ల, ఆ చీటీ చిరిగి పోయేదాకా అదే చూపించి కొన్నాడు, చిరిగాక ఖాళీ షీటు ముక్క చూపించి కొన్నాడు. మూడు నెలలకోసారి మళ్లీ చూడాలన్న మాట ఆయన ఎన్నడూ వినలేదు. ఒక ఎండాకాలం ఉచ్చ ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. వేడి చేసిందన్నారు, బార్లీ నీళ్లు తాగాడు, సబ్జా గింజలు తాగాడు. తగ్గింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వేడే అన్నారు. ఏడాదిన్నర అట్లా గడిచాక పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూసి మూత్రాశయంలో గడ్డ అని చెప్పారు.

ఆ బిళ్ల వల్లే వచ్చిందని మేం అనడం లేదు. బీడీ వల్ల కావచ్చు, రంగు తొట్టి వల్ల కావచ్చు, మూడూ కలిసి కావచ్చు. ఒక మనిషి విషయంలో ఇదీ అని ఏ డాక్టరూ తేల్చలేడు. మేమనేది వేరు. పన్నెండేళ్లలో ఒక్క మనిషి, ఒక్కసారి, "బీడీ తాగుతావా, ఏం పని చేశావు, ఉచ్చలో నెత్తురు పడిందా" అని ఆయన్ని అడగలేదు. ఈ మూడు ప్రశ్నలకి స్కానింగు అక్కర్లేదు. రూపాయి ఖర్చు లేదు. అడగాలంటే ఎదుటివాణ్ని మనిషని అనుకోవాలి. ఇబ్బందల్లా అదే.

1985లో కారంచేడు మాదిగవాడలో ఏమడిగారు? మేం తాగే చెరువులో మీ గేదె కుడితి నీళ్లు కలుస్తున్నాయి, కలపొద్దు అని అడిగారు. ఆ అడిగిన పాపానికి జులై 17న ఆరుగుర్ని చంపారు. ఇప్పుడు మనం అడిగేదీ ఆ ప్రశ్నే. మేం మింగే దాంట్లో ఏం కలిసింది? అప్పుడు గొడ్డళ్లు తెచ్చారు. ఇప్పుడు నవ్వుతారు. "నీకు చెప్పినా అర్థమవుద్దా" అని.

కొందరు డాక్టర్లతో మాట్లాడాం. అందరూ చెడ్డోళ్లు కాదు, ఇద్దరు ముగ్గురు ఓపిగ్గా కూర్చుని ఈ లెక్కలన్నీ మాకు విప్పి చెప్పారు, వాళ్లకి రుణపడి ఉన్నాం. కానీ చాలామంది అన్న మాట ఒకటే. చెబితే భయపడి మానేస్తారయ్యా, కాళ్లు పోగొట్టుకుంటారయ్యా అని. మా అక్క కాలు గుర్తొచ్చి ఆ మాటకి మేం మొదట తలదించుకున్నాం. ఇంటికొచ్చి ఆలోచిస్తే తల లేచింది. ఆ అక్క కాలు పోయింది చెప్పినందుకు కాదు. బిళ్ల ఇచ్చిన రోజు చెప్పనందుకు. "అమ్మా, నీ బిళ్ల పేరు ఇది, దీని మంచి ఇది, చెడు ఇది, ఇట్లా అయితే నా దగ్గరికి రా" అని ఆ రోజే చెప్పి ఉంటే, మేం మైకులో ఎంత అరిచినా ఆమె "నాది ఆ బిళ్ల కాదులే" అని నవ్వి పోయేది. అమెరికా వాళ్లకి చెబితే మానేయరు, మనకి చెబితే మానేస్తామా? మన తలకాయల్లో ఏముందనుకుంటున్నారు?

ఇంకో వాదన. ఇది చవక మందు, దీన్ని ఆపితే నష్టపోయేది పేదోళ్లే, ఖరీదైన కొత్త మందులు వాళ్లెట్లా కొంటారు అని. 2013లో నిషేధం ఎత్తేయమని డాక్టర్లు గట్టిగా చెప్పిన మాటల్లో ఇదొకటి. ఇందులో నిజం ఉంది, మేం కాదనం. చవక మందు పేదోడికి కావాలి. అయితే చవక బిళ్ల మింగేవాడి ప్రాణం కూడా చవకేనా? పేదోడి పేరు చెప్పి మందు మళ్లీ తెచ్చినోళ్లు, ఆ పేదోడి భాషలో నాలుగు లైన్లు అచ్చేయించమని కూడా అదే గొంతుతో ఎందుకు అడగలేదు? కంపెనీకి నష్టం జరుగుతుంటే మనం పేదోళ్లం గుర్తొస్తాం. మనకి నష్టం జరుగుతుంటే ఎవరూ గుర్తురారు.

అసలు మందుల మీద కాపలా ఉండాల్సిన శాఖ సంగతి 2012 మే నెలలో పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. కంపెనీలూ, ఆ శాఖలో కొందరూ, కొందరు వైద్య నిపుణులూ కుమ్మక్కయ్యారనడానికి తగిన ఆధారాలున్నాయని తన 59వ నివేదికలో రాసింది. మేం రాస్తే ఆవేశం అంటారు.

ఇక రెండో రకం దోపిడీగాళ్ల సంగతి. "ఇంగ్లీషు మందులు క్యాన్సర్ తెస్తాయి, మా కషాయం తాగు, మా పొడి తిను, షుగరు మాయం" అని టీవీల్లో, సంతల్లో, ఇప్పుడు సెల్‌ఫోన్లలో కూడా ఊదరగొట్టేవాళ్లు. పయోగ్లిటజోన్ వార్త వీళ్లకి పండగ. మా అక్కకి కాలవలో బిళ్లలు వేశాక నెలకి రెండువేలు పెట్టి పొడి అమ్మినోడు ఇట్లాంటివాడే. వాడి పొడి డబ్బా మీద హెచ్చరిక ఇంగ్లీషులో కూడా లేదు. ఇంగ్లీషు మందులోని లోపం మనకెట్లా తెలిసింది? ఇంగ్లీషు డాక్టర్లే లక్షల మందిని లెక్కేసి బయటపెడితే తెలిసింది. తన పొడిని ఎంతమంది మీద లెక్కేశాడో వాణ్ని అడగండి. మన తాతల వైద్యం అని మురిపిస్తాడు గానీ మన తాతల్ని ఆ వైద్యుడు నాడి పట్టుకుని చూశాడా? అంటుకుంటుందని దూరం నుంచే పొట్లం విసిరేవాడు.

బాబాసాహెబ్‌కి షుగరు ఉందని ఎంతమందికి తెలుసు? 1948 నాటికే కాళ్ల మంటలతో నిద్ర పట్టేది కాదు, ఇన్సులిన్ వాడేవాడు. ఆ రోజుల్లోనే బొంబాయిలో వైద్యం చేయించుకుంటూ పరిచయమైన డాక్టరమ్మనే పెళ్లి చేసుకున్నాడు. రాజ్యాంగం ముసాయిదా పనంతా ఆ ఒంటితోనే చేశాడు. షుగరు డబ్బున్నోళ్ల జబ్బనీ, ఇన్సులిన్ మొదలుపెడితే ఇక చావే అనీ మన వాడల్లో అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఇన్సులిన్ మీద కూడా 2009లో క్యాన్సర్ పుకారు లేచింది, గ్లార్జిన్ అనే రకం మీద. 2012లో పన్నెండున్నర వేల మందిని ఆరేళ్లపాటు చూసిన పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సర్ పెరగలేదు. అంతే, దాని గురించి భయం వద్దు.

మెట్‌ఫార్మిన్ గురించి కూడా అడుగుతున్నారు. 2020లో అమెరికాలో కొన్ని కంపెనీల మెట్‌ఫార్మిన్‌ని, నెమ్మదిగా కరిగే రకాన్ని, షాపుల నుంచి వెనక్కి పిలిపించారు. ఎన్‌డీఎంఏ అనే కల్మషం హద్దు దాటి ఉందని. ఆ కంపెనీల్లో మన దేశానివి కూడా ఉన్నాయి. అది తయారీలో వచ్చిన కల్మషం, మందు గుణం కాదు. అక్కడి శాఖ కూడా డాక్టరు వేరే మందు రాసేదాకా బిళ్ల మానొద్దనే చెప్పింది. షుగరుకి మొదట రాసే మందు ఇవాళ్టికీ మెట్‌ఫార్మినే, పీహెచ్‌సీలో ఊరికే ఇచ్చేదీ అదే.

అన్నిటికీ మించి ఒక మాట. షుగరే క్యాన్సర్‌కి దారి తీస్తుంది. షుగరు ఉన్నోళ్లకి కాలేయం, క్లోమం, గర్భసంచి క్యాన్సర్లు మామూలోళ్లకంటే ఎక్కువ వస్తాయని 2010లోనే అమెరికాలో షుగరు డాక్టర్ల సంఘం, క్యాన్సర్ సంఘం కలిసి ప్రకటించాయి. కాబట్టి క్యాన్సర్‌కి భయపడి షుగరు మందు మానడం పాముకి భయపడి పుట్టలో చెయ్యి పెట్టడమే. దేశంలో షుగరు రోగులు 10 కోట్లు దాటారని 2023లో వైద్య పరిశోధనా మండలి లెక్క చెప్పింది. జొన్న, సజ్జ తినే మన నోటికి పాలిష్ బియ్యం అలవాటు చేసినోళ్లు ఈ లెక్కలో ఎక్కడున్నారో ఇంకో సంచికలో మాట్లాడుకుందాం.

ఇప్పుడు మేం అడిగేదేందంటే పెద్ద కోరిక కాదు. షుగరు బిళ్ల ఇచ్చే ప్రతి చోటా, అది గవర్నమెంటాసుపత్రి కానీ మందుల షాపు కానీ, బిళ్లతోపాటు తెలుగులో ఒక చీటీ ఇవ్వాలి. మందు పేరు, అందులో కలిసినవన్నీ, ఏం కనపడితే పరుగెత్తుకు రావాలి అన్నది, కళ్లజోడు లేని ముసలమ్మకి మనవరాలు చదివి చెప్పేంత పెద్ద అక్షరాల్లో. పేరు పోయేట్టు షీటు కత్తిరించకూడదు, కత్తిరించక తప్పకపోతే పేరు రాసివ్వాలి. ఊళ్లకి వచ్చి షుగరు చూసే ఏఎన్ఎంలు, ఆశా అక్కలు నెత్తుటి చుక్క తీసేటప్పుడే పొగ, పని, ఉచ్చలో నెత్తురు, కరెంటు పెట్టించుకోవడం, ఈ నాలుగూ అడిగి పుస్తకంలో రాయాలి. 2013 షరతులు డాక్టర్లకి సలహాగా కాదు, రోగి హక్కుగా గోడ మీద తెలుగులో రాయించాలి. మండలంలో ప్రతి పీహెచ్‌సీ గోడా ఖాళీగానే ఉంది, లేకపోతే కుటుంబ నియంత్రణ బొమ్మలున్నాయి.

మనం చేసుకోవాల్సింది కూడా ఉంది. ఉచ్చలో నెత్తురు ఒక్కసారి కనపడినా, నొప్పి లేకపోయినా, తగ్గిపోయినా, వేడి అని సరిపెట్టుకోవద్దు. ఆసుపత్రికి పోయి చెప్పండి. ఆడోళ్లు ముట్టు నెత్తురేమో అని కలిపేసుకోవద్దు, సిగ్గు పడొద్దు. అన్నిసార్లూ అది క్యాన్సర్ కాదు, రాయి కావచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఏదైనా చూపించుకోవాల్సిందే. మీ బిళ్లలో పయోగ్లిటజోన్ ఉందని తెలిస్తే మానొద్దు, డాక్టరు దగ్గరికి పోయి, నాకు బీడీ అలవాటుంది, నేను ఫలానా పని చేశాను, ఇది నాకు తప్పదా, వేరేది ఉందా అని అడగండి. కసురుకుంటే ఇంకొకర్ని తోడు తీసుకుపోయి మళ్లీ అడగండి. మేం వస్తాం. బీడీ మాత్రం ఇవాళే మానొచ్చు, దానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. మా కార్యకర్తలకి కూడా చెబుతున్నాం ఈ మాట, మీటింగు అయిపోగానే బడ్డీ కొట్టు దగ్గర గుంపుగా నిలబడేది ముందు మనమే.

మా చిన్నాయనకి గడ్డ తీశారు. మూడు నెలలకోసారి గొట్టం వేసి చూస్తున్నారు. బిళ్ల మార్చారు. ఆయన అడిగే ప్రశ్న ఒకటే, "ముందే చెప్పుంటే ఏం పోయేదిరా వాళ్లకి?" ఒంటికాలి అక్క ఇప్పుడు మా మీటింగుల్లో మైకు పట్టుకుంటోంది. చేతిలో కాగితం ఉన్న ప్రతి ఒక్కర్నీ "అంతా చదివావా, సగమే చదివావా" అని అడుగుతోంది.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకి అంబేద్కర్ బొమ్మ దగ్గర షుగరు ఉన్నోళ్లంతా రండి. బిళ్లలు, పాత చీటీలు, ఖాళీ షీటు ముక్కలు ఏవుంటే అవి కవర్లో వేసుకు రండి. రిటైరైన నర్సమ్మ ఒకామె కూర్చుని ఎవరి బిళ్లలో ఏముందో చదివి, తెలుగులో రాసిస్తుంది. పేరు లేని ముక్కలుంటే, అవి కత్తిరించిచ్చిన షాపు ఏదో కూడా గుర్తుపెట్టుకుని రండి. సోమవారం అందరం కలిసి అక్కడికే పోతున్నాం.